ముప్పయి అయిదు ముడులు

గౌరయ్య చేతిలోని తాడు వదిలాడు. అడ్డుకర్ర మొదట్లో కట్టిన బండరాయి కిందికి దిగింది, కొన ఆకాశంలోకి లేచింది, మిరపకాయల బండి కిర్రుమంటూ దాని కింద నుంచి సాగిపోయింది. దాని వెనక చింతపండు బండి. దాని వెనక ఖాళీ బండి. బండివాడు నిద్రలో ఉన్నాడు, దారి ఎడ్లకు తెలుసు. మూడూ దాటాక గౌరయ్య రెండు చేతులా తాడు అందుకుని, ఒంటి బరువంతా వేసి కిందికి లాగి గుంజకు కట్టాడు. పొద్దింకా తాటిచెట్టెత్తు ఎక్కలేదు. అప్పటికే అది పద్నాలుగోసారి.

కోదాడకు తూర్పున రెండు కోసుల దూరంలో, నైజాం ఇలాకా తెగి ఇంగ్లీషువాళ్ళ ఇలాకా మొదలయ్యే చోట ఉండేది ఆ కరోడ్‌గిరి నాకా. వచ్చే పోయే సరుకు మీద సర్కారు సుంకం వసూలు చేసే చోటు. పెంకుల గది ఒకటి, ముందు చిన్న పంచ, గోడకు గడియారం. అది ఎప్పుడూ మధ్యాహ్నం మూడు చూపించేది. గౌరయ్య ఆ నాకాకు చప్రాసి. నెలకు పదిహేను హాలీ రూపాయలు, ఏడాదికి రెండు జతల ఖాకీ బట్టలు, ఛాతీ మీద ఇత్తడి బిళ్ళ. యాభై దాటిన మనిషి. తాడు లాగీ లాగీ కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్ళు కిందికి జారింది. ఎదురుగా వస్తుంటే దారి పక్కకు ఒరుగుతున్నట్టు కనిపించేవాడు.

అడ్డుకర్ర ఎత్తడం ఒక పని. బస్తాల్లో ఇనుప చువ్వ గుచ్చి, పైన చెప్పిన సరుకే లోపల ఉందా లేదా చూడడం రెండో పని. చువ్వ కొన ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, ఏది పసుపో, ఏది ధనియాలో, బెల్లం కొత్తదో పాతదో చెప్పేసేవాడు. వాసన మీద అతని మాటకు తిరుగులేదు. అదొక్కటే అతని గొప్ప, అది కూడా నాకా దాటితే ఎవరికీ పనికిరానిది.

పిలిస్తే పలికేంత దూరంలో, ఎండిన వాగుకు ఆవల, ఇంగ్లీషువాళ్ళ అడ్డుకర్ర ఉండేది. ఈ కర్రకూ ఆ కర్రకూ నడుమ ఉన్న నేల ఎవరిదో ఎవరికీ తెలియదు. ఈ పటేలు దాన్ని రాసుకోలేదు, ఆ కరణం రాసుకోలేదు. నాలుగు తుమ్మచెట్లు, కాస్త పల్లేరు. బండ్లవాళ్ళు ఎడ్లను విడిచి గడ్డి వేసుకునే జాగా. గౌరయ్య పదకొండేళ్ళు దాన్ని చూశాడు కానీ దాని గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

అతను ఆలోచించింది ఇళ్ళ గురించి. నాకా దాటే ప్రతి కొత్త బండివాణ్ణీ ఒకటే ప్రశ్న అడిగేవాడు.

"మీ దిక్కు రెండంకణాల ఇల్లుకు ఎన్ని దినాల కూలి?"

కొందరు నవ్వేవాళ్ళు. కొందరు పిచ్చివాడేమో అనుకుని జవాబు చెప్పేవాళ్ళు. చెప్పిన జవాబును గౌరయ్య కాగితం మీద రాసుకోలేదు, రాయడం రాదు. నాకా గది తలుపు వెనక మేకుకు నార తాళ్ళు వేలాడేవి, ఊరికొకటి. పది దినాల కూలికి ఒక ముడి. మిర్యాలగూడ తాడుకు అరవై అయిదు ముడులు. సూర్యాపేట తాడుకు ఎనభై. పేటలో వర్తకులు పెరిగిన కొద్దీ తాడు కూడా పెరుగుతూ వచ్చింది. కోదాడకు అరవై. బెజవాడ తాడు నేలకు తగిలి పాములా చుట్టుకుని పడి ఉండేది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన హాలియా మనిషి ఒకడు బస్రాలో మట్టి ఇల్లు మూడు వందల దినాలకు వస్తుందన్నాడు. రంగూన్‌లో కర్ర ఇల్లు రెండు వందలకే అని ఇంకొకడన్నాడు. ఆ రెండు ఊళ్ళకూ రెండు పొట్టి తాళ్ళు వేశాడు గౌరయ్య. "రంగూన్‌ల సవ్వకున్నది గని పోయేటందుకే ఇల్లమ్మాలె" అని తనే నవ్వుకునేవాడు.

డబ్బు ఎంతని అడగకుండా దినాలు అడగడం ఏమిటని చాలామంది ఎగతాళి చేశారు. ఇండ్ల గౌరయ్య అని పేరు కూడా పెట్టారు. అతని కారణాలు అతనికున్నాయి. పాతికేళ్ళ కింద మిర్యాలగూడలో ఇంటి ధర అడిగితే ఒకడు నైజాం హాలీలో చెప్పాడు, ఒకడు ఇంగ్లీషువాళ్ళ కల్దారులో చెప్పాడు, మూడోవాడు పుట్ల వడ్లలో చెప్పాడు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లంటారు, బజారుకు పోతే మార్పిడి బట్టా కింద ఇంకో అణా కోస్తారు. ఎవడి రూపాయి వాడిదే. అందుకని గౌరయ్య ఒక తీర్మానానికి వచ్చాడు: రూపాయి అబద్ధమాడుతుంది, దినం అబద్ధమాడదు. పొద్దు పొడిచిన దగ్గర నుంచి పొద్దు గూకే దాకా మిర్యాలగూడలోనైనా రంగూన్‌లోనైనా ఒకటే దినం. పాపం, ఇంత చక్కని మాట ఇంత పెద్ద తప్పవుతుందని ఎవరనుకుంటారు?

ఇంటి మీద అతనికి ఇంత యావ పుట్టింది సుఖంగా బతకడానికి కాదు. బతకడానికి కిరాయి ఇల్లు సరిపోతుంది. చావడానికే సరిపోదు. కిరాయి ఇంట్లో ప్రాణం పోనివ్వరు. మిర్యాలగూడలో ఉన్నప్పుడు అతని తల్లికి ఆఖరి ఘడియలు వచ్చాయి. ఇంటిగలాయన మంచివాడే, చేతులు జోడించి మరీ చెప్పాడు, బయటికి తీసుకుపొమ్మని. ఆషాఢం వానలో సందులో మంచం వేసి, గోనెపట్టా అటు భార్య ఆండాలు, ఇటు గౌరయ్య పట్టుకుని నిలబడ్డారు. ముసలమ్మ తెల్లారే దాకా పోలేదు. సూర్యాపేటకు బదిలీ అయ్యాక నాలుగేళ్ళ కూతురు యాదమ్మకు అమ్మవారు పోసింది. ఆ పిల్లను కూడా ఒళ్ళో పెట్టుకుని బండ్ల అడ్డాలో కూర్చోవలసి వచ్చింది, అక్కడే పోయింది. ఆ తర్వాత వాళ్ళకు పిల్లలు కలగలేదు.

తల్లి పోయిన ఏడే ఆండాలు తన కాళ్ళ వెండి కడియాలు తీసి వేములపల్లి వడ్రంగికి ఇచ్చి ఒక దర్వాజ చేయించింది. పెద్దవూర దిక్కు నుంచి వచ్చిన మద్ది కర్ర. నాలుగు పట్టీలు, కింద మందమైన గడప, పైపట్టీ మీద మూడు పద్మాలు చెక్కాడు వడ్రంగి. తలుపు లేదు. ఇల్లే లేనప్పుడు తలుపెందుకు? గౌరయ్య కోప్పడితే ఆమె ఒకటే మాట అంది.

"ఇల్లు గట్టేటోళ్ళు ముందుగాల దర్వాజనే గద నిలబెడ్తరు. మనం కూడ గదే చేస్తున్నం. ఇల్లు దానెంబడే వస్తది."

ఇల్లు రాలేదు. దర్వాజ మాత్రం మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు, సూర్యాపేట నుంచి కోదాడకు బండ్ల మీద వాళ్ళ వెంట తిరిగింది. ఎక్కడికి పోయినా కిరాయి ఇంటి గోడకు ఆనించి, పండుగ పండుగకూ గడపకు పసుపు రాసి బొట్లు పెట్టేది ఆండాలు. "ఇంట్ల ఇంకో ఇల్లేందమ్మా" అని ఇంటిగలోళ్ళు దెప్పిపొడిచేవాళ్ళు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ మొగుడూ పెళ్ళాలు పెళ్ళయితే చేసుకున్నారు, ఇల్లు కట్టలేక పాతికేళ్ళుగా దర్వాజను మోశారు.

ఇప్పుడు ఆండాలు వంతు వచ్చింది. మాఘం నుంచి కడుపుకు నీరు పట్టింది. కాళ్ళూ చేతులూ పుల్లల్లా సన్నబడి, పొట్ట కుండలా ఉబ్బింది. సూర్యాపేట దవాఖానలో డాక్టరు చూసి, ఇంటికి తీసుకుపో అన్నాడు. ఏ ఇంటికని అడగబోయి ఊరుకున్నాడు గౌరయ్య.

నిన్న సాయంత్రం ఇంటిగలామె వెంకటనర్సమ్మ వచ్చి గుమ్మం బయటే కూర్చుంది. ఆమె ముండమోసిన మనిషి. ముందు రెండు గదుల్లో తానుంటూ వెనక గది వీళ్ళకు ఇచ్చింది. ఆ ఇల్లు తప్ప ఆమెకు వెనకా ముందూ లేదు.

"గౌరన్నా, నన్ను తిట్టుకోకు," అంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "ఎల్లుండి పొద్దుగాల నుంచి ధనిష్ఠ పంచకమంట. అయ్యగారు చెప్పిండు. గా అయిదు దినాలల్ల ఇంట్ల పాణం పోతె ఆర్నెల్లు ఇల్లు మూసిపెట్టాలె. మూసిపెట్టి నేనేడికి పోను? నాకెవరున్నరు?"

గౌరయ్యకు కోపం రాలేదు. నిజానికి ఆ మాట వినేసరికి గుండె తేలికైంది, ఎందుకంటే జవాబు సిద్ధంగా ఉంది.

"పరేషాన్ గాకక్కా. రేపు పొద్దుగూకకముందే మా ఇంటికి తీస్కపోత," అన్నాడు. ఆ 'మా ఇంటికి' అన్న మాట నోట్లోంచి వచ్చాక కాసేపు దాని రుచి చూస్తూ నిలబడ్డాడు.

జవాబు నాకా తలుపు వెనక ఇంకో తాడులో ఉంది. జగ్గయ్యపేటకు ఇవతల, సరిహద్దు దాటాక కోసెడు దూరంలో ఒక పల్లె ఉంది. ఉప్పు బండి తోలే లంబాడీ తులసీరాం ఆ పల్లెలో ఒక ఇల్లు చూసి వచ్చాడు. మట్టిగోడలు, తాటాకు కప్పు, రెండంకణాలు, జాగాతో సహా. మూడు వందల యాభై దినాల కూలి. ముప్పయి అయిదు ముడులు. గౌరయ్య తన సొంత సొమ్ముకు కూడా ఒక తాడు పెట్టుకున్నాడు, మొలకు కట్టుకుని తిరిగేవాడు. పదకొండేళ్ళలో తిని తినక వెనకేసిన పది దినాల జీతానికల్లా ఒక ముడి. మొన్న ఉగాదికి ఆ తాడుకు ముప్పయి అయిదో ముడి పడింది. రెండు తాళ్ళూ పక్కపక్కన పట్టి చూసుకున్నాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా సమానంగా ఉన్నాయి. ఆ రోజు చువ్వతో బస్తాలు గుచ్చడం కూడా మరిచిపోయాడు.

ఇవాళ పొద్దు పైకి వచ్చేసరికి తులసీరాం ఖాళీ బండితో వచ్చి పంచ ముందు ఆపాడు. తలపాగా ముడి చెవి మీదికి దిగిన మనిషి. మాట తక్కువ, నవ్వు ఎక్కువ.

"గౌరన్నా, పోదామా? ఇల్లుగలాయన పొద్దుగూకే దాక సూస్తనన్నడు."

"జర ఆగు. పైసలు మార్పిచ్చుకోవాలె."

గౌరయ్య మొలలోని గుడ్డసంచి విప్పి లోపలికి వెళ్ళాడు. మున్షీ దామోదర్ సూర్యాపేట పిల్లవాడు, ఉర్దూ చదువు చదివి ఈ కొలువుకు వచ్చి రెండేళ్ళు కాలేదు. ఇటు నాణేలకు అటు నాణేలిచ్చే పని కూడా అతనే చూసేవాడు. సంచి కుమ్మరించి, చిల్లరను కుప్పలు చేసి లెక్కపెట్టాడు.

"నూట డెబ్బయి అయిదు. ఏడింటికి ఆరు. నూట యాభై కల్దార్లు వస్తయి. ఇన్ని ఏం చేస్తవ్ గౌరయ్యా?"

"ఇల్లు కొంటున్న సాబ్. అవతల."

దామోదర్ మొహం వికసించింది. "మంచిమాట చెప్పినవ్. ఎంతకు?"

"మూడు నూర్ల యాభై దినాలకు."

"అది గాదయ్యా, పైసలెన్ని?"

"పైసలు నేనడగలే సాబ్. దినాలే అడిగిన. నా తాన సరిగ్గ మూడు నూర్ల యాభై దినాలున్నయి. సూడుండ్రి." మొల తాడు విప్పి బల్ల మీద పెట్టాడు.

దామోదర్ తాడును చూశాడు. తర్వాత గుమ్మంలో నిలబడ్డ తులసీరాంను చూశాడు. "ఇల్లుగలాయన నీతోటి ఏమన్నడు?"

"మూడు నూర్ల యాభై అన్నడు. రూపాయలా, దినాలా అంటె, ఏదైన ఒకటే తీ అన్నడు. ఆ దిక్కు దినానికి కూలి రూపాయి గద. దినమంటె రూపాయి, రూపాయంటె దినం. నేనొచ్చి గౌరన్నకు గదే చెప్పిన."

"కల్దారు రూపాయి."

"ఔ, కల్దారే."

దామోదర్ కలం కింద పెట్టి, చెప్పడానికి ఇష్టం లేని మాటను నెమ్మదిగా చెప్పాడు.

"గౌరయ్యా, నీ దినం ఎంత?"

"ఎనిమిదణాలు, సాబ్. హాలీ."

"ఇల్లు మూడు నూర్ల యాభై కల్దార్లు. నీ తాన నూట యాభై ఉన్నయి."

"దినం దినమే గద సాబ్. పొద్దు పొడిసేకాడికెల్లి పొద్దు గూకేదాక..."

"ఆళ్ళ ఇల్లు ఆళ్ళ దినాలతోటి కొంటరు. నువ్వు నీ దినాలతోటి కొనాలె." దామోదర్ వేళ్ళ మీద ఏదో లెక్కవేశాడు. "నీ దినాలల్లయితె ఎనిమిది నూర్ల పదహారు."

ఎనభై రెండు ముడులు. సూర్యాపేట తాడు కంటే పొడుగు. గౌరయ్య తలుపు వెనక వేలాడే తాళ్ళ వైపు చూశాడు. బెజవాడ, బస్రా, రంగూన్. పదకొండేళ్ళు ఒక్కో ముడీ తానే వేశాడు. ఒక్క ముడి కూడా తనది కాదు. అందులో ఉన్నవన్నీ ఎవరో పరాయి మనుషుల పొద్దులు. కాకిలెక్కలంటే ఇవే కాబోలు. ఊరందరి దినాలూ లెక్కపెట్టాడు, తన దినం వాటి పక్కన సగమైనా తూగదని చూసుకోలేదు.

తులసీరాం తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "తప్పు నాదే గౌరన్నా. నేను సమజ్ చేసుకోలే."

"నీదేం తప్పు? నేను కూడ రెండు తాళ్ళు పట్టి సూసిన గద."

తులసీరాం తన తండాకు తీసుకుపోదామన్నాడు. సూర్యాపేటకు అవతల, రెండు రోజుల దారి. ఆండాలు రెండు రోజుల దారికి తట్టుకునే స్థితిలో లేదు. నాకా పంచలో పడుకోబెడదామా అని దామోదర్ తనలో తానే అన్నట్టు అని, మళ్ళీ తనే తల అడ్డంగా ఊపాడు. రేపు పై అధికారి అమీన్ తనిఖీకి వస్తాడు. సర్కారు జాగాలో మనిషి పోతే పంచనామాలు, పోలీసు పటేలు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదన్నట్టుంది గౌరయ్య గతి. సంచిలో నాణేలు ఒక్కొక్కటే వేసుకుని మూతి కట్టాడు.

"ముందుగాల ఇంటికాడికి పోదాం తులసీరాం. మాటిచ్చిన," అన్నాడు.

కోదాడ చేరేసరికి ఎండ నడినెత్తి దాటింది. వెనక గదిలో ఆండాలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లేవలేని మనిషి ఎలా లేచిందో, తల తడిపి దువ్వుకుంది. దర్వాజ గడపకు పచ్చగా పసుపు మెరుస్తోంది. చేతులకు ఇంకా పసుపు ఉంది. గౌరయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. అక్కడే నిలబడి ఏడిస్తే బాగుండుననిపించింది. కానీ ఆమె మొహంలో వెలుగు చూసి లోపలికి వచ్చాడు.

"ఎన్నంకణాలయ్యా?" అని అడిగింది.

"రెండు."

"వాకిలి ఎటు దిక్కుకు?"

గౌరయ్య దానికి సిద్ధంగా లేడు. "తూర్పుకు," అన్నాడు.

"మంచిది," అంది ఆండాలు.

ఇద్దరు మగవాళ్ళూ దర్వాజను బండి మీదికి ఎక్కించారు. దాని పక్కన గడ్డి పరిచి, గొంగడి వేసి ఆమెను పడుకోబెట్టారు. వెంకటనర్సమ్మ దుత్తలో గంజి పోసి ఇచ్చింది. ఆండాలు కాళ్ళు పట్టుకుని "అక్కా, నేను పాపిష్టిదాన్నే" అని ఏడ్చింది. ఆమెను ఓదార్చింది ఆండాలే. "నీ ఇల్లు నువ్వు కాపాడుకోవాలె గద. తప్పేమున్నది? మా ఇంటికి రా ఒకపారి," అంది. బండి కదిలింది. వెంకటనర్సమ్మ వాడ చివరి దాకా వెనకనే నడిచి, అక్కడ నిలబడిపోయింది. గౌరయ్య తిరిగి చూడలేదు.

దారిలో పొలాలు ఎండిపోయి నోళ్ళు తెరిచి ఉన్నాయి. ఏ గతుకుకు ఆండాలు మూలుగుతుందో తెలిసినట్టు తులసీరాం ఎడ్లను పక్కకు తిప్పుతూ తోలాడు. గౌరయ్య బండి పక్కన నడిచాడు. చెప్పాలి, ఇల్లు లేదని చెప్పాలి అనుకుంటూనే రెండు కోసులూ నడిచాడు. బండి ఎటు పోవాలో అతనికే తెలియదు. ఇంగ్లీషు ఇలాకాకు పోయి ఏ గుమ్మం ముందు దించాలి? అయినా ఎడ్లు తూర్పుకే పోతున్నాయి, దారి వాటికి తెలుసు.

నాకాకు చేరేసరికి పొద్దు గూట్లో పడుతోంది. గౌరయ్య బండిని దాటి ముందుకు నడిచి, ఎప్పటిలాగే గుంజ దగ్గర నిలబడి తాడు వదిలాడు. పదకొండేళ్ళలో తన బండికి తాను కర్ర ఎత్తడం అదే మొదలు. దామోదర్ పంచలోకి వచ్చి బండిలోకి తొంగి చూశాడు. నిబంధన ప్రకారం కలప మీద సుంకం ఉంది. దర్వాజను చూశాడు, దాని మీద తడి పసుపును చూశాడు.

"పాత సామానే," అని లోపలికి వెళ్ళిపోయాడు.

వాగు దాటి అవతలి కర్ర దగ్గరికి పోతే అది దించి ఉంది. అటువైపు బంట్రోతు లాంతరు తుడుచుకుంటూ, "పొద్దు గుంకాక కర్ర ఎత్తకూడదండీ. పొద్దున్నే రండి, ఆరింటికే ఎత్తేస్తాను," అన్నాడు. బండిలో ఎవరని అడిగి, చూసి, భుజం మీది పైకండువా చేతిలోకి తీసుకున్నాడు. కానీ కర్ర ఎత్తలేదు. ఎత్తే హక్కు అతనికి లేదు. ఆ సంగతి గౌరయ్య కంటే బాగా తెలిసినవాడెవడు?

తులసీరాం బండిని తుమ్మచెట్ల కిందికి తిప్పి ఎడ్లను విడిచాడు.

"ఏందయ్యా, ఆగింది?" అని ఆండాలు అడిగింది. గొంతు బాగా సన్నబడింది. "వచ్చినమా?"

గౌరయ్య బండి అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఈ కర్ర, ఆ కర్ర. నడుమ పల్లేరు, ఎడ్ల పేడ, నాలుగు తుమ్మచెట్లు. ఏ తాడుకూ ఎక్కని జాగా అదొక్కటే.

"వచ్చినం," అన్నాడు.

"ఎవరిది జాగ?"

"ఎవ్వరిది గాదు."

"కిరాయి?"

"లేదు."

ఆమె తల కొద్దిగా తిప్పి చూసింది. చూపు ఇంకా పోలేదు, ఆకాశం కనిపిస్తోంది, చెట్లు కనిపిస్తున్నాయి. పాతికేళ్ళు కాపురం చేసిన మొగుడి మొహం కూడా కనిపిస్తోంది. ఆమెకు తెలియనిదేమీ మిగల్లేదని గౌరయ్యకు అర్థమైంది.

"అయితె దర్వాజ నిలబెట్టు," అంది.

గౌరయ్య నాకాకు పరుగెత్తి బస్తాలు గుచ్చే ఇనుప చువ్వ తెచ్చాడు. ఎండకు రాయిలా బిగుసుకున్న నేలను పొడిచి పొడిచి, మట్టి చేతులతో తోడి, రెండు గుంటలు చేశారు ఇద్దరూ. దర్వాజను ఎత్తి అందులో దింపారు. తులసీరాం ఎడ్ల దగ్గరున్న రాళ్ళు తెచ్చి నాలుగు దిక్కులా బిగించాడు. గౌరయ్య వంకర భుజంతో ఒకసారి నెట్టి చూశాడు. కదల్లేదు. తూర్పుకే పెట్టాడు, మాట తప్పలేదు.

తర్వాత ఆండాలును రెండు చేతుల్లోకి ఎత్తుకున్నాడు. పొట్ట బరువు తప్ప ఆ మనిషిలో బరువే లేదు. కాలు గడపకు తగలకుండా జాగ్రత్తగా దాటి, అవతల పరిచిన గొంగడి మీద పడుకోబెట్టాడు. ఆమె చేయి చాచి గడపను తడిమింది.

"కప్పు లేనట్టున్నది," అంది.

"వానకాలం లోపట కప్పుకుందాం తీ."

"గట్లనే. ముందుగాల దర్వాజ నిలబడ్డది గద." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "ఎవ్వలన్న లెవ్వమంటరా?"

"ఎవ్వలనరు. పండుకో."

ఆమె పడుకుంది. తులసీరాం ఎడ్ల దగ్గరికి వెళ్ళి అటు తిరిగి కూర్చున్నాడు. గౌరయ్య ఆమె చేయి పట్టుకుని, అవతలి బంట్రోతు లాంతరు ముట్టించడం, దాన్ని కర్రకు తగిలించడం చూస్తూ కూర్చున్నాడు. లాంతరు మంట సరిగ్గా నిలబడిందో లేదో, ఆ లోపలే చేతిలోని చేయి చల్లబడింది. ఆమె ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ఎవరి ఇల్లూ మూయవలసిన పని పడలేదు. గౌరయ్య చాలాసేపు లేవలేదు. ఎవరూ లెమ్మని కూడా అనలేదు.

తెల్లవారాక తులసీరాం, అవతలి బంట్రోతు కలిసి వాగు ఒడ్డున గొయ్యి తవ్వారు. పాడె కట్టడానికి తాడు దొరక్కపోతే గౌరయ్య నాకా తలుపు వెనక నుంచి తాళ్ళన్నీ తెచ్చాడు. మొలకు ఉన్నది కూడా విప్పి ఇచ్చాడు. ముడులు విప్పడానికి వేళ లేదు, అట్లాగే కట్టేశారు.

ఎండ ఎక్కేసరికి బెల్లం బండ్లు వచ్చి ఆగాయి. గౌరయ్య తలస్నానం చేసిన తడి బట్టలతోనే వచ్చి గుంజ దగ్గర నిలబడ్డాడు. చువ్వ గుచ్చి కొన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. బెల్లం వాసన రాలేదు, మట్టి వాసన వచ్చింది. కొత్త బండివాడు, హుషారైనవాడు, సరిహద్దు అటువైపు వాడే. ఏ ఊరు, ఎక్కడికి అని ఏదైనా అడుగుతాడేమోనని చూశాడు. గౌరయ్య ఏమీ అడగలేదు. తాడు వదిలి, కర్ర ఎత్తాడు.

బండివాడే వాగు దాటాక ఎడ్లను నిలిపి వెనక్కి తిరిగి అరిచాడు. "ఏమయ్యో, ఇక్కడ ఇల్లు ఎవరు కడతన్నారు?"

బండి కదిలింది. రెండు అడ్డుకర్రల నడుమ, తుమ్మచెట్ల పక్కన, తలుపు లేని దర్వాజ తూర్పుకు తిరిగి నిలబడి ఉంది. గడప మీది పసుపులో ఒక చోట అయిదు వేళ్ళు తడిమిన గుర్తు, దాని మీద సన్నగా బండి దుమ్ము.